ఓరుగల్లు వాతావరణంలో ఉడ్‌కట్: సామిల్లు నుంచి ప్రదర్శన గోడ దాకా

ఉడ్‌కట్ అంటే చెక్కపలక (బ్లాకు) మీద బొమ్మ చెక్కి, ఇంకు రాసి, కాగితం మీద అచ్చు తీయడం. అది నేర్పే పుస్తకాలు, వీడియోలు చాలావరకు చల్లటి దేశాల వాళ్లవి. ఇంక్ ఇంతసేపట్లో ఆరుతుందని, కాగితం ఇంత తడపాలని వాళ్లు చెప్పే లెక్కలు అక్కడి గాలికి సరిపోతాయి. వరంగల్‌లో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. ఆగస్టులో గాలిలో తేమ 80 శాతం పైకి పోతుంది. అదే చెక్క, అదే ఇంక్, అదే కాగితం ఈ రెండు నెలల్లో రెండు రకాలుగా నడుచుకుంటాయి. చెక్కడంలో చెయ్యి బాగా తిరిగినవాళ్ల ప్రింట్లు కూడా మన దగ్గర పాడవుతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే. అందుకే ఇక్కడ ప్రతి పనినీ కాలంతో కలిపి చెబుతున్నాం. ఉదాహరణకు తీసుకున్నది 9×12 అంగుళాల నలుపు-తెలుపు ఉడ్‌కట్, ప్రెస్ లేకుండా, చెంచాతో రుద్ది చేత్తో తీసే 15 కాపీలు.

చెక్క

ప్లైవుడ్‌తో మొదలుపెట్టవచ్చు. షాపులో షీటు పైభాగం నున్నగా ఉందని తీసుకోకుండా అంచు చూడండి. మామూలు కమర్షియల్ ప్లైవుడ్‌లో పై పొర చాలా పల్చన, అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఉలి ఒక్క తోపుకే దాన్ని దాటి కింది పొరలోకి దిగుతుంది. కింది పొర నార పైదానికి అడ్డంగా ఉంటుంది కాబట్టి అక్కడ చెక్క తెగదు, పీలికలుగా లేస్తుంది. అంచులో పొరల మధ్య నల్లటి సందులు కనబడితే ఆ షీటు వద్దు. సందు మీద పడిన సన్నగీత రుద్దేటప్పుడు లోపలికి కుంగిపోతుంది. పై పొర ఒక మిల్లీమీటరైనా ఉన్న 8 లేదా 12 మి.మీ. షీటు దొరికితే రెండు మూడు బ్లాకులకు సరిపడా ఒకేసారి కోయించుకోండి.

ఎండీఎఫ్‌లో నార ఉండదు, ఏ వైపుకైనా ఒకేలా తెగుతుంది. పెద్ద పెద్ద ఆకారాలకు సరే గానీ సన్నగీతల అంచులు మెత్తబడి రాలిపోతాయి. వానకాలంలో తేమ తాగి ఉబ్బుతుంది కూడా. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, గీకేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి.

అసలు చెక్క కావాలంటే సామిల్లుకే పోవాలి. మన వైపు టేకు తేలిగ్గా దొరుకుతుంది, కానీ దానిలో సిలికా ఉంటుంది కాబట్టి ఉలి పదును తొందరగా పోతుంది. కూల్చిన పాత ఇళ్ల తలుపుల టేకు బాగా ఆరి ఉంటుంది గనుక వంకర తిరగదు. మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో వెతికి, పాలిష్ మొత్తం గీకించి వాడుకోవచ్చు. మా ఓటు గుమ్మడి టేకుకే. మరీ గట్టిగా ఉండదు, నార సమంగా ఉంటుంది, కాలం మారినా పెద్దగా కదలదు. వేప నార అటూ ఇటూ మెలిపడి ఉంటుంది కాబట్టి ఒక వైపు నున్నగా తెగిన గీత తిరిగి వచ్చేటప్పుడు చిరుగుతుంది. మామిడి చవక, కానీ పుప్పి తొందరగా పడుతుంది. పలక మీద సూది రంధ్రాలు, వాటి కింద మెత్తటి పిండి కనిపిస్తే ఇంటికి తేకండి. ఇంట్లో ఉన్న బ్లాకులకూ అంటుకుంటుంది.

నిర్మల్ బొమ్మల పొణికి చెక్క మెత్తగా తెగుతుంది కదా, వాడొచ్చా అని కొత్తవాళ్లు తప్పకుండా అడుగుతారు. బొమ్మకు పొణికి సరైనదే, ఎందుకంటే దాని మీద ముద్ద, రంగుల పూత పడతాయి, ఒత్తిడి పడదు. ఉడ్‌కట్‌లో రెండు మిల్లీమీటర్ల గీత మీద చెంచా ఒత్తిడి పదే పదే పడుతుంది. పొణికి నలిగిపోయి నాలుగు ప్రింట్లకే గీత లావెక్కుతుంది.

సామిల్లు నుంచి తెచ్చిన పలక ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే అప్పుడు చెక్కడం మొదలుపెట్టాలి. ఎండలో పెట్టి తొందరపెడితే చివర్లు పగులుతాయి. నీడలో, కింద రెండు కర్రముక్కలు పెట్టి, రెండు చివర్లకు కరిగించిన మైనం పూసి ఉంచాలి.

ఆరిన పలకను 120, తర్వాత 220 నంబరు గీకుడు కాగితంతో నార వెంటే రుద్దండి. ఆ తర్వాత చపడా (లక్క) పూత. లీటరు స్పిరిట్‌కు వంద గ్రాముల చపడా రాత్రంతా నానబెడితే కరుగుతుంది. పలచగా ఒక చెయ్యి, ఆరాక 320 కాగితంతో తేలిగ్గా రుద్ది ఇంకో చెయ్యి. వెనక వైపు కూడా తప్పకుండా పూయాలి. ఒక్క ముఖానికే పూస్తే రెండో ముఖం తేమ తాగి పలక గిన్నెలాగా వంగుతుంది. వంగిన పలకను సరిచేయాలంటే గుంటపడిన వైపు తడిగుడ్డ పరచి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. గుంటపడింది ఎక్కువ ఆరిన వైపు కాబట్టి నీళ్లు అటే కావాలి. ఉబ్బిన వైపు తడిపితే వంపు ఇంకా పెరుగుతుంది.

బొమ్మ ఎక్కించడం

ప్రింటులో బొమ్మ కుడి-ఎడమలు తారుమారవుతాయి, కాబట్టి బ్లాకు మీద తిరగేసి ఉండాలి. సులువైన దారి జిరాక్సు. బొమ్మను లేజర్ జిరాక్సు తీయించి, ముఖం కిందికి బ్లాకు మీద పెట్టి, నాలుగు మూలలా టేపు వేసి, థిన్నరులో ముంచి పిండిన దూదితో వెనక నుంచి రుద్దితే టోనరు చెక్కకు దిగుతుంది. తిరగేసే పని అదే చూసుకుంటుంది. దూది మరీ తడిగా ఉంటే టోనరు కరిగి చెదిరిపోతుంది. థిన్నర్ చపడాను కూడా కాస్త మెత్తబరుస్తుంది, అందుకే ఒకే చోట ఎక్కువసేపు రుద్దకండి. కిటికీలు తెరిచి చేయండి. తర్వాత స్పిరిట్‌లో కలిసే ఎర్ర రంగును పల్చగా పూయండి. చెక్కినచోట తెల్లగా, చెక్కనిచోట ఎర్రగా కనబడుతుంది, ప్రింటు ఎలా వస్తుందో చెక్కుతూనే తెలుస్తుంది. నీళ్ల రంగు పూస్తే నార లేస్తుంది, మళ్లీ గీకాల్సి వస్తుంది.

ఏది నలుపు, ఏది తెలుపు అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. వేయిస్తంభాల గుడి స్తంభమైనా, రామప్ప మదనిక అయినా నున్నగా మెరిసే నల్లరాయి. తెల్ల కాగితం మీద నల్లగీతలు గీసినట్టు వాటిని చెక్కితే పని నాలుగింతలవుతుంది, రాయి గుణమూ రాదు. పలకంతా నలుపుగా వదిలి, వెలుతురు తగిలే అంచుల్లో మాత్రమే తెల్లగీతలు తీయండి. స్తంభం గుండ్రదనం కోసం వెలుతురు వైపు గీతలు దగ్గర దగ్గరగా, నీడవైపు దూరం దూరంగా, చివర సన్నబడేలా చెక్కితే చాలు. కోటలోని కాకతీయ తోరణం సంగతి వేరు. ఆకాశం ముందు నిలబడి ఉంటుంది గనుక చుట్టూ ఖాళీ తీసేసి ఆకారాన్ని నలుపుగా నిలబెట్టడమే బాగుంటుంది. పైన ఉన్న హంసల మెడల్లాంటి సన్నటి భాగాలు నారకు అడ్డంగా పడకుండా పలకను ముందే తిప్పి చూసుకోవాలి. నారకు అడ్డంగా నిలిచిన రెండు మిల్లీమీటర్ల మెడ విరిగిపోవడం ఖాయం.

చెక్కడం

నాలుగు పనిముట్లు చాలు: ఒక కత్తి, 2 మి.మీ. వి-ఆకారపు ఉలి, 3 మి.మీ., 8 మి.మీ. యు-ఆకారపు ఉలులు. పదహారు ముక్కల చవక సెట్టు కంటే ఈ నాలుగు మంచివి కొనడం మేలు. పదును పరీక్ష తేలిక. పనికిరాని చెక్క మీద నారకు అడ్డంగా ఒక గీత తీయండి. గాడి లోపల నున్నగా మెరిస్తే పదునుంది. తెల్లటి నూగు లేస్తే లేదు. సాన మీద 20 నుంచి 25 డిగ్రీల కోణంలో పట్టాలి. వి-ఉలికి రెండు రెక్కలూ వేర్వేరుగా పట్టాక, కలిసే చోట చిన్న ముక్కు మిగులుతుంది. గాడి పక్కన రెండో గీత పడేది ఆ ముక్కు వల్లే. దాన్ని ఉలిని అటూ ఇటూ దొర్లిస్తూ గుండ్రం చేయాలి. పని మధ్యలో ప్రతి పావుగంటకు ఆకుపచ్చ పాలిషింగ్ పేస్టు రాసిన తోలు మీద వెనక్కి పది సార్లు లాగండి. ఇలా చేస్తే సాన అవసరం చాలా తక్కువ పడుతుంది.

మొదట కత్తితో లేదా వి-ఉలితో బొమ్మ అంచులన్నీ తీసి, ఆ తర్వాతే ఖాళీలు తొలచాలి. అంచు కోత ఎప్పుడూ గీత నుంచి బయటికి వాలి ఉండాలి, అంటే గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా. కత్తి లోపలికి వాలితే గీత కింద డొల్ల అవుతుంది. మొదటి ప్రూఫులో (పరీక్షకు తీసే ప్రింటులో) ఏమీ తెలియదు, ఏడెనిమిది ప్రింట్లకు ముక్క ఎగిరిపోతుంది. సన్నటి సందులకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతు చాలు. రెండు అంగుళాలు దాటిన ఖాళీకి మూడు మిల్లీమీటర్లకు తగ్గితే రోలరు అడుగు తాకి మరకలు పడతాయి. ఖాళీలో ఉలి గాట్లు బొమ్మ ఆకారం వెంటే నడిపించండి. అవి ఎంతో కొంత ఇంకు పట్టుకుంటాయి, అడ్డదిడ్డంగా ఉంటే మురికిలా కనిపిస్తాయి.

బ్లాకు జారకుండా టేబులు అంచుకు ఆనే కొక్కెం పలక వాడండి. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి. ఎండకాలంలో అరచేతులు చెమటకు జారతాయి, ఉలి పిడికి నూలు దారం చుట్టుకుంటే పట్టు దొరుకుతుంది. ముక్క విరిగితే పారేయకండి, అప్పటికప్పుడు ఫెవికాల్ చుక్కతో అదే చోట అతికించి రాత్రంతా ఒత్తిపెడితే మళ్లీ చెక్కుకోవచ్చు.

ఇంక్

ప్రింటింగ్ ప్రెస్సుల సామాన్లు అమ్మే షాపులో ఆఫ్‌సెట్ నలుపు డబ్బా అడగండి. కిలో డబ్బా చాలా ఎడిషన్లకు (ఒక బ్లాకు నుంచి తీసే కాపీల సెట్టు ఒక ఎడిషన్) వస్తుంది. పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సులో పరిచయం ఉంటే కొంచెం తీసుకుని ముందు పరీక్షించవచ్చు. స్క్రీన్ ప్రింటింగ్ ఇంక్ వద్దు, పరచిన నిమిషాల్లోనే ఆరిపోతుంది, దాని సాల్వెంటు రబ్బరు రోలరును పాడు చేస్తుంది. దినపత్రికల ఇంకు కూడా వద్దు. అది కాగితంలోకి ఇంకడమే తప్ప గట్టిపడదు, ఎన్నాళ్లైనా చేతికి అంటుతుంది.

కాలాన్ని బట్టి ఇంకును మార్చుకోవాల్సింది ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో ఇంకు పల్చబడి సన్నటి తెల్లగీతల్లోకి దిగిపోతుంది. గాజు పలక మీద రెండు చెంచాల ఇంకు వేసి, పావు చెంచా మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపి, కత్తితో బాగా నూరండి. కత్తి ఎత్తితే తీగలా సాగకుండా పొట్టిగా తెగిపోతే సరిపోయినట్టు. చలికాలం పొద్దుగాల దానికి పూర్తిగా తిరగబడుతుంది. ఇంకు గట్టిపడి పల్చటి కాగితం పైపొరను పీకేస్తుంది. రెండు మూడు చుక్కల అవిసె నూనె కలిపితే చాలు, ఎక్కువైతే గీత చుట్టూ కాగితం మీద పసుపు నూనె వలయం వస్తుంది. వానకాలంలో చిక్కదనం బాగానే ఉంటుంది, ఆరడమే సమస్య. కోబాల్ట్ డ్రయ్యరు నూటికి ఒక వంతుకు మించకుండా కలపండి. ఎక్కువ వేస్తే ఎడిషన్ సగంలోనే రోలరు మీద పొర కడుతుంది. మే నెలలో అయితే పని తెల్లవారుజామునే పెట్టుకోండి, పది దాటాక ఇంకు ప్రతి అరగంటకూ మారిపోతుంది.

రోలరుతో పరిచేటప్పుడు చెవి పెట్టండి. సన్నగా సర్రుమని వినిపిస్తే సరైన పొర. చప్ చప్ మని తడిగా వినిపించి, ఉపరితలం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనబడితే ఎక్కువైంది. బ్లాకుకు ఒక్కసారే మందంగా రాయకుండా, పల్చగా నాలుగైదు సార్లు నిలువుగా, అడ్డంగా, మూలగా రాయాలి. మొదటి మూడు నాలుగు ప్రింట్లు పాలిపోయి రావడం మామూలే, చెక్క ఇంకు తాగుతుంది. వాటికి చవక కాగితం వాడండి. ఆ పాలిపోయిన ప్రూఫు చూసి ఇంకు పెంచేవాళ్లే సన్నగీతలు పూడ్చుకుంటారు.

కాగితం, రుద్దడం

చేత్తో తీసే ప్రింటుకు 60 నుంచి 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) ఉన్న పొడవు నారల కాగితం కావాలి. నేపాలీ లోక్తా, జపాన్ కోజో రెండూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పొడిగానే వాడవచ్చు. చేతితయారీ కాటన్ కాగితం 200 జీఎస్ఎం దాటితే తడపాలి. ఒక షీటు వదిలి ఒక షీటుకు స్పాంజితో నీళ్లు అద్ది, దొంతి పెట్టి, ప్లాస్టిక్‌లో చుట్టి, పలక కింద రాత్రంతా ఉంచితే తేమ సమంగా పరుచుకుంటుంది. ఎండకాలంలో బయటికి తీసిన షీటు ఐదు నిమిషాల్లో అంచుల నుంచి ఆరుతుంది, ఒక్కొక్కటే తీయాలి. వానకాలంలో ఆ దొంతిని రెండు రోజులకు మించి ఉంచితే బూజు చుక్కలు వస్తాయి, అవి పోవు.

15 కాపీలకు 22 షీట్లు కోసుకోండి, 13×16.5 అంగుళాలు. పక్కలా పైనా రెండేసి అంగుళాలు, కింద రెండున్నర. పెద్ద అట్ట మీద కాగితం కొలత గీసి, లోపల బ్లాకు కొలత గీసి, బ్లాకు రెండు అంచులకు ఆనేలా అట్ట పట్టీలు అంటించండి. కాగితం కింది రెండు మూలలు బయటి గీత మీద నిలిపి, పైభాగాన్ని మెల్లగా వదలాలి. ఒకసారి ఇంకుకు తాకిన కాగితాన్ని జరపకూడదు.

ముందు అరచేత్తో మధ్య నుంచి అంచులకు ఒత్తండి. పైన బటర్ పేపరు వేసి, స్టీలు చెంచా వీపుతోనో, నున్నటి కర్ర గంటెతోనో చిన్న చిన్న చుట్లుగా రుద్దండి. 9×12 బ్లాకుకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. పెద్ద నలుపు భాగాలకు ఎక్కువ బలం, ఒంటరి సన్నగీతలకు తక్కువ. గీత అంచు దాటి చెంచా ఖాళీలోకి దిగితే కాగితం కుంగి గీత పక్కన నీడ పడుతుంది. సగం కాగితం అరచేత్తో గట్టిగా పట్టి, రెండో సగం ఎత్తి చూడండి. చుక్కలు చుక్కలుగా తెల్లగా కనిపిస్తే దించి మళ్లీ రుద్దాలి. అవే చుక్కలు ప్రతి ప్రింటులో అదే చోట వస్తే తప్పు రుద్దడంలో లేదు, పలక అక్కడ గుంటపడింది. బ్లాకు కింద ఆ చోట ఒక పొర కాగితం పెట్టండి.

ఆరబెట్టేటప్పుడు క్లిప్పులతో తాడుకు వేలాడదీస్తే చాలు. ఎండకాలంలో రెండు రోజులు, గాలిదుమారం రేగితే కిటికీలు మూయాలి, తడి ఇంకు మీద పడిన దుమ్ము పోదు. వానకాలంలో వారం. అందాకా ఒకదాని మీద ఒకటి పెట్టకండి.

బ్లాకును ముందు పాత పేపరుతో, తర్వాత వంటనూనె గుడ్డతో, చివర కొంచెం కిరోసిన్‌తో తుడవాలి. నీళ్లు వద్దు. అవిసె నూనె అంటిన గుడ్డలను ముద్దగా ఒక మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. మన ఎండల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. బయట విడివిడిగా ఆరవేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి. బ్లాకులను గోడకు ఆనించకుండా, ఇనుప ర్యాకు మీద పడుకోబెట్టి దాచాలి. చెదలు ముందుగా వచ్చేది గోడ దారినే.

రంగులు కావాలంటే

చేర్యాల పటాల్లాంటి ఎర్రటి నేపథ్యం, నల్లటి గీతలు ఉడ్‌కట్‌కు బాగా నప్పుతాయి. రంగుకొక బ్లాకు. ముందు నలుపు గీతల బ్లాకు చెక్కి, దాని తడి ప్రింటును మిగతా బ్లాకుల మీద దించితే రంగు హద్దులు సరిగ్గా దొరుకుతాయి. ప్రతి బ్లాకుకు బొమ్మ బయట ఒక మూలన ఎల్-ఆకారపు గాడి, అదే అంచు వెంట ఒక తిన్నని గాడి, మిల్లీమీటరు లోతున చెక్కాలి. జపాన్‌లో కెంతో అనేది ఇదే. ముందు ఎరుపు, అది ఆరాక నలుపు. రంగుల పనికి మాత్రం తడి కాగితం వద్దు. మన ఎండకు ఒక రంగు నుంచి ఇంకో రంగుకు వచ్చేలోపు కాగితం కుంచించుకుపోయి గీత పక్కకు తప్పుతుంది. ఆఫ్‌సెట్ నలుపు వెలుతురుకు తట్టుకుంటుంది, మెజెంటా అంతగా తట్టుకోదు. గోడ మీద ఏళ్లపాటు ఉండాల్సిన ఎరుపుకు ఆర్టిస్టుల రిలీఫ్ ఇంక్ కొనడమే మంచిది.

జపాన్ పద్ధతిలో నీళ్ల రంగు, బియ్యపు గంజితో వేయాలనుకుంటే మార్చి నుంచి జూన్ దాకా ఆ ఆలోచనే వద్దు. కాగితం పెట్టేలోపే రంగు బ్లాకు మీద ఆరిపోతుంది. వానకాలం ఆ పనికి చాలా బాగుంటుంది.

ప్రదర్శనకు

బొమ్మ కింద పెన్సిలుతో ఎడమవైపు ఎడిషన్ సంఖ్య, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం రాయాలి. 3/15 అంటే పదిహేనులో మూడోది. మీ దగ్గర ఉంచుకునే ఒకటి రెండింటికి ఏ.పి. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాయండి. ఎడిషన్ సంఖ్య ఒకసారి రాశాక మళ్లీ కాపీలు తీయకూడదు, కొన్నవాళ్ల నమ్మకం దాని మీదే ఉంది. అన్ని కాపీల నలుపు ఒకేలా ఉండాలి. పక్కపక్కన పరిచి చూసి, తేడా ఉన్నవి తీసేయండి.

ఎంట్రీ ఫొటోను ఉదయం నీడలో, అద్దం వేయకముందే, ఫోన్‌ను ప్రింటుకు సమాంతరంగా పట్టి తీయండి. లలిత కళా అకాడమీ వంటి సంస్థలకు పంపేటప్పుడు కొలతల్లో బొమ్మ కొలత ఏది, కాగితం కొలత ఏదన్నది స్పష్టంగా రాయాలి. ఆ అకాడమీయే 2018లో ప్రింట్ బినాలే (రెండేళ్లకోసారి జరిపే ప్రదర్శన) మొదలుపెట్టింది, ప్రింట్లు చేసేవాళ్లు దాని ప్రకటనల మీద కన్నేసి ఉంచడం మంచిది. చుట్టి పంపాలంటే నాలుగు అంగుళాలకు తగ్గని గొట్టం, ముఖం మీద బటర్ పేపరు, ఇంకు ఆరి కనీసం రెండు వారాలు, వానకాలంలో మూడు.

ఫ్రేము షాపులో ముందే గట్టిగా చెప్పండి: ప్రింటును అట్టకు అతికించొద్దని. చాలా షాపుల్లో అలవాటుగా ఫెవికాల్ రాసి హార్డుబోర్డుకు అంటిస్తారు, ఆ ప్రింటు ఇక వేరుపడదు, కొన్నేళ్లకు పసుపెక్కుతుంది. ఆమ్లం లేని మౌంటు బోర్డుకు పై అంచున మాత్రమే రెండు పల్చటి కాగితపు కీళ్లు, గోధుమ స్టార్చ్ జిగురుతో. సెల్లోటేపు, మైదా జిగురు రెండూ వద్దు. టేపు మరక దిగుతుంది, మైదాకు పురుగు చేరుతుంది. అద్దం ప్రింటుకు తాకకుండా మధ్యలో కిటికీలా కోసిన మౌంటు ఉండాలి. వానకాలంలో అద్దం లోపలి తేమకు ఇంకు అంటుకుంటుంది.

వేలాడదీసేటప్పుడు బొమ్మ నడిభాగం నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తున ఉండాలి. ఫ్రేము వెనక కింది మూలలకు చిన్న బెండు ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. మన ఊళ్లలో చూడవచ్చేవాళ్లు చాలామంది ప్రింట్ అనగానే ఫ్లెక్సీనో జిరాక్సునో అనుకుంటారు. లేబులు మీద "చెక్కపై చేత్తో చెక్కి, చేత్తో అచ్చు తీసినది" అని తెలుగులో రాయండి. వీలైతే శుభ్రం చేసిన బ్లాకునూ, ఒక పాలిపోయిన మొదటి ప్రూఫునూ పక్కన బల్ల మీద ఉంచండి. వాటిని చేత్తో తాకి చూసినవాళ్లు గోడ మీది ప్రింటు దగ్గర ఎక్కువసేపు నిలబడతారు.

ప్రదర్శన జూన్-సెప్టెంబరు మధ్య జరిగితే, ఫ్రేములు ఇంటికి రాగానే వెనక అట్ట విప్పి, ఫ్యాను కింద ఒక పూట ఉంచి, మూలల్లో బూజు లేదని చూసుకున్నాకే మళ్లీ మూసి దాచండి.